గురునాథంగారి తడబాటు

"గోత్రం?" అన్నాడు గురునాథం, కొబ్బరికాయకు పసుపు పూస్తూ.

రామాంజనేయులు తల గోక్కున్నాడు. మిరపచేలో బోరు వేయించడానికి తెల్లవారగానే పంతులుగారిని పిలుచుకొచ్చాడు గాని, ఈ ప్రశ్న వస్తుందని అనుకోలేదు.

"మా నాయనకి తెలిసేదండి. ఆయన పొయ్యాడు గదా."

"పోనీలే. కాశ్యపస గోత్రం. తెలియనివాళ్లందరికీ ఆయనే దిక్కు."

గురునాథం మంత్రం అందుకున్నాడు. యాభై ఏళ్ల పౌరోహిత్యంలో ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్లలో సగంమందికి ఆయన ఇలాగే గోత్రం పంచిపెట్టాడు. అడిగి పుచ్చుకున్నవాళ్లే గాని కాదన్నవాళ్లు లేరు.

డెబ్బయ్యొక్క ఏళ్ల సన్నటి మనిషి. మడమలు బీటలు వారాయి. గొంతులో ఎప్పుడూ కాస్త జీర. ఆ ఊళ్లలో ఏ పెళ్లి ఫొటో తీసినా అందులో ఆయన ఉంటాడు, కాకపోతే ఒక భుజమో, అక్షింతలు అందిస్తున్న చెయ్యో పడుతుంది. ముఖం పడిన ఫొటో ఒక్కటీ లేదు. దానికి ఆయన నొచ్చుకున్నదీ లేదు.

పూజ ముగించి సంచి మోపెడ్‌కు తగిలించాడు. ఎడమ చెయ్యి లాగుతోంది. సంచి బరువు అనుకున్నాడు. దారికి రెండువైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. ఘాటుకు దగ్గుతూనే తొందరగా నడిపాడు. ఇవాళ పదిగంటలకు సొంత మనవరాలి బారసాల. పురోహితుడూ ఆయనే, తాతా ఆయనే. సంతోషంగా ఉండవలసిన మనిషే గాని, నిన్న సాయంత్రం కొడుకు అన్న మాట మనసును వదలడం లేదు.

కొడుకు శరత్‌చంద్ర హైస్కూల్లో లెక్కల మాస్టారు. అబద్ధం వాడి నోట రాదు. నిన్న పెరట్లోకి పిలిచి, తల వంచుకుని చెప్పాడు.

"నాన్నా, రేపు ఆ పిల్లకి మన గోత్రం చెప్పటం నావల్ల కాదు. తెలిసి తెలిసి దేవుడి ముందు అబద్ధమెలా చెప్పను? పేరు కూడా మీరే పెట్టేయండి."

ఆ పిల్ల పుట్టుక సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు. ఆరేళ్లు గుంటూరు ఆసుపత్రి చుట్టూ తిరిగారు. లోపం శరత్‌చంద్రది, సూదులు మాత్రం కోడలు వేదశ్రీకి. తన బిడ్డే కావాలని వాడు నాలుగుసార్లు ప్రయత్నం చేయించాడు. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. పొట్ట మీద సూది మచ్చలతో, వాచిన కాళ్లతో కోడలు బస్సు దిగి వస్తుంటే గురునాథం చూడలేక పంచాంగం ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. ఇంకొక్కసారి చూద్దామని వాడు అన్నప్పుడు వేదశ్రీ అరవలేదు, ఏడవలేదు.

"బిడ్డ కోసమైతే మళ్లీ వస్తాను. మీ రక్తం కోసమే అయితే రాను," అంది.

పేరు తెలియని దాత కణాలతో వైద్యం చేయడానికి అప్పుడు శరత్‌చంద్ర సంతకం పెట్టాడు. పిల్ల పుట్టి ఇరవై ఒక్క రోజులు. వాడు నీళ్లు కాస్తాడు, మందులు తెస్తాడు, గుడ్డలు ఉతుకుతాడు. ఎత్తుకోమంటే మాత్రం ఏదో పని గుర్తొస్తుంది.

గురునాథం కొడుకును తప్పుపట్టలేదు. వాడు పుట్టినప్పుడు తానూ ముందు చెవులే చూశాడు. తన చెవులే. ఎంత మురిసిపోయాడో. అలాంటి మురిపెం కావాలనుకోవడం పాపం కాదు. దానికోసం ఇంకొకరి ఒంటిని ఎంతవరకు నొప్పించవచ్చో మాత్రం ఆయన చదివిన ఏ శాస్త్రంలోనూ కనిపించలేదు. ఇప్పుడు ఆయన కోరిక ఒక్కటే. వాడు ఆ పిల్లను ఎత్తుకోవాలి. అది తాను చూడాలి.

ఇంటికి చేరేసరికి ముందు గదిలో చాపలు పరిచి ఉన్నాయి. చుట్టాలు పదిమంది దాకా వచ్చారు. గురునాథం స్నానం చేసి, పట్టు పంచె కట్టి కూర్చున్నాడు. ఎదురుగా పీటల మీద దంపతులు, వేదశ్రీ ఒళ్లో ఎర్రటి పసిగుడ్డు. మధ్యన పళ్లెంలో బియ్యం.

గణపతి పూజ అయింది. సంకల్పం దగ్గరికి వచ్చేసరికి శరత్‌చంద్ర కళ్లు దించేసుకున్నాడు. వేదశ్రీ పమిట కొంగు పిడికిట్లో బిగించింది. గురునాథం కళ్లు మూసుకుని చెప్పుకుపోతున్నాడు.

"శ్రీవత్సస గోత్రోద్భవస్య..."

శరత్‌చంద్ర తల ఎత్తాడు. బడిలో తప్పు లెక్క కనబడితే ఎలా అందుకుంటాడో అలాగే అందుకున్నాడు.

"భారద్వాజస నాన్నా. మన గోత్రం భారద్వాజస కదా."

"ఎవరిది?"

"మనది."

గురునాథం కళ్లు తెరిచాడు. యాభై ఏళ్లలో ఎవరి గోత్రమూ తప్పు చెప్పని మనిషి. ఎందుకు తడబడ్డాడో ఆయనకే అంతుపట్టలేదు.

"అవున్రా. శ్రీవత్సస నేను పుట్టిన గోత్రం. దాచేపల్లిలో. నాలుగో ఏట మీ తాతయ్య నన్ను దత్తత తీసుకున్నారు. ఇలాగే పీట మీద, ఒళ్లో కూర్చోబెట్టుకుని భారద్వాజస అన్నారు. అప్పట్నుంచీ అదే."

చుట్టాల్లో ఎవరో ముసలాయనకు మతిమరుపు వచ్చిందన్నట్టు చిన్నగా నవ్వారు. శరత్‌చంద్ర నవ్వలేదు. చిన్నప్పుడు తనను భుజాన మోసిన తాతయ్య. పోయినప్పుడు నాన్న పసివాడిలా ఏడ్చిన తాతయ్య.

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

గురునాథం నిజంగానే ఆలోచించాడు.

"గుర్తుండలేదురా," అన్నాడు.

శరత్‌చంద్ర పీట మీద సర్దుకుని కూర్చుని, తండ్రి అందించకుండానే, గోత్రం మొదలుకుని మొత్తం తానే చెప్పాడు. ఉంగరంతో బియ్యంలో అన్విత అని రాశాడు. వంగి పిల్ల కుడిచెవిలో మూడుసార్లు పేరు పిలిచాడు. మూడోసారి పిలిచాక లేవలేదు. రెండు చేతులూ కిందికి పోనిచ్చి, తల జాగ్రత్తగా పట్టుకుని, పిల్లను గుండెలకు ఎత్తుకున్నాడు. వేదశ్రీ ముఖం పక్కకు తిప్పుకుంది. ఆరేళ్లుగా ఆపుకున్నదంతా అప్పుడు ఏడ్చింది.

తర్వాత పిల్ల తాత ఒళ్లోకి వచ్చింది. రావడంతోనే పట్టు పంచె తడిపేసింది.

"మడి పోయిందండోయ్," అన్నారెవరో.

"పోనీండి," అన్నాడు గురునాథం, కదలకుండా.

భోజనాలయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. పంచె తానే జాడించుకుని దండెం మీద ఆరేసి, వసారాలో నులకమంచం మీద నడుం వాల్చాడు. ఛాతీ బరువుగా ఉంది. తిన్నది అరగలేదనుకున్నాడు. శరత్‌చంద్ర పిల్లతో వచ్చి పక్కన కూర్చున్నాడు.

"దీనికి పెద్దయ్యాక చెప్పాలా నాన్నా?"

"పెద్దయ్యేదాకా ఎందుకు? మాటలు తెలిసినప్పట్నుంచే చెప్పండి. నా దత్తత సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు. తెలుసు కాబట్టే మరిచిపోగలిగాను."

"సరే నాన్నా."

"లోపలికి తీసుకెళ్లు. ఎండ పొడ పడుతోంది దానికి."

నాలుగింటికి వేదశ్రీ కాఫీ తెచ్చి, "మావయ్యగారూ," అని రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవకుండా గ్లాసు నేలమీద పెట్టి ఆయన చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

సాయంత్రానికి ఊరంతా వచ్చింది. రామాంజనేయులు చేలోంచి అలాగే పరుగెత్తుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. పెరట్లో దండెం మీద పట్టు పంచె ఆరిపోయింది. పిల్ల తడిపినచోట, ఆయన సరిగా జాడించని అరచేయంత మరక అలాగే ఉంది.