నెత్తురు పోటులో వాటా

మధ్యాహ్నం మా ఆయన ఉద్దండు సాహెబుకి అన్నం పెట్టి, కంచం తీసే ముందు ఆయన మణికట్టు నొక్కి చూడటం నా పని. నాడి మీద రెండు వేళ్ళు వేసి, పై వేలితో గట్టిగా అదిమి పట్టాలి. కింది వేలికి నాడి తగలకపోతే ఫరవాలేదు. అంత అదిమినా ఆగకుండా కొడుతుంటే నెత్తురు పోటెక్కినట్టు. నరసాపురం డాక్టరు ఈ విద్య నాకు నేర్పింది మా ఆయన చెయ్యి మీదే. పరాయి ఆడదాన్నని నా చెయ్యి ముట్టుకోలేదు. ఇలాంటి నాడి ఉన్నవాళ్ళు ఈ ఎండల్లో నీళ్ళు మానేస్తే తలలో నరం చిట్లుతుందని, మూతి వంకరపోయి ఒక పక్క పడిపోతుందని చెప్పాడు. జబ్బు మనిషికి రంజాన్ ఒక్కపొద్దు తప్పనిసరి కాదని, బదులుగా రోజుకో పేదవాడికి అన్నం పెట్టమని మసీదు పెద్ద కూడా చెప్పాడు. అందరూ ఆయన మీద దయ చూపించారు. ఆ దయనంతా వండేది మాత్రం నేను.

ఆ ఏడు రంజాన్ రోహిణి ఎండల్లో పడింది. కాలువలు కట్టేశారు. మంచినీళ్ళకి మొగల్తూరు ఆ చివర బావి దాకా నడవాలి. తెల్లారకముందు మా కోసం వంట, మధ్యాహ్నం ఆయనకీ పేదవాడికీ వంట, పొద్దుగూకాక అందరికీ వంట. మధ్యలో దూది. మేం దూదేకులవాళ్ళం. నాడి ఆగని రోజున ఆయన దూది ఏకే విల్లు పట్టకూడదు కాబట్టి నేను పట్టాలి. పరుపులు ఎక్కువగా కుట్టాల్సిన రోజుల్లోనే ఆ నాడి ఆగేది కాదు. దానికీ పని తెలుసనుకుంటాను.

పన్నెండో ఒక్కపొద్దు నాడు దూది ఏకుతుంటే మెడ వెనక ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. కళ్ళ ముందు మిణుగురులు లేచాయి. తెల్లటి దూది మీద ఎర్రగా చుక్కలు పడుతుంటే, ఎక్కడివా అని కాసేపు చూశాను. నా ముక్కులోంచే. అత్తయ్య వచ్చి ఎర్రబడిన దూది మేరకు గిల్లి అవతల పారేసి, మిగతాది చెడలేదంది. ముక్కులోంచి కారితే ఒక్కపొద్దు కూడా చెడదంది. ఆవిడకి రెండూ ముఖ్యమే.

ఆ సాయంత్రం ఎవరూ చూడకుండా నా మణికట్టు నేనే మోకాలి మీద పెట్టుకుని పై వేలితో అదిమాను. ఆగలేదు. గోరు తెల్లబడేదాకా అదిమాను. కింద తాడులా బిగిసి, టకటకా కొడుతూనే ఉంది. ఆయన నాడి ఎంత చెడ్డ రోజున కూడా అలా కొట్టలేదు. మర్నాడు చూశాను, ఆ మర్నాడూ చూశాను. మూడో రోజు భోజనం దగ్గర చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కుంటూ నవ్వారు.

"నెత్తురు పోటులో కూడా వాటా కావాలటే నీకు? ఇద్దరం మంచం ఎక్కితే ఇల్లెవరు చూస్తారే?"

అత్తయ్యా ఆయన పక్కే. మగవాడికి పోటు ఒంట్లోనే ఉండిపోతుందట, ఆడదానికి నెలనెలా బయటికి పోతుందట, అందుకని మనకి ఆ జబ్బు రాదట. ఎంత సులువైన వైద్యం.

పదహారో నాడు మధ్యాహ్నం ఆయన తిని అరుగు మీద నడుం వాల్చారు. నేను వంటింట్లో కుండ ముందు కూర్చుని చెంబు ముంచాను. అల్లాకి నా నాడి తెలుసు, ఇంట్లోవాళ్ళకి తెలియకపోతే పోయింది. ఒక్క గుక్క తాగానో లేదో గుమ్మంలో అత్తయ్య. ఊరంతా వినేలా అరుస్తుందని చెంబు పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా వచ్చి ఎదురుగా కూలబడింది. చెయ్యి చాచింది.

"నాకు ఆ నెలనెలా పోయేది ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటిందే పీరమ్మా. మరి నా పోటు ఎటు పోతున్నట్టు?"

పట్టుకున్నాను. నలభై రంజాన్లు చేసిన చెయ్యి. వేలు చాలక బొటనవేలితో అదిమాను.

"ఆగిందా?"

"లేదండి."

చెంబు అందించాను. ఆవిడ పొద్దెంత ఉందోనని చూరు నీడకేసి ఒకసారి చూసి, ఎత్తి తాగింది. ఆ పూట మా ఇంట్లో ఒక్కపొద్దు ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. చెంబు దించాక చూశాను. నీళ్ళు ఎడమ పెదవి చివరి నుంచి కారి, గడ్డం మీదుగా రవిక తడిపేస్తున్నాయి. మూతి ఆ వైపుకి జారి ఉంది. ఆవిడకి అదేం తెలియడంలేదు. ఇంకొన్ని నీళ్ళు పొయ్యమంటోంది, మాట ముద్దగా వస్తోంది.

నేను అరుగు మీదకి వెళ్ళి ఆయన్ని తట్టి లేపాను. నరసాపురం వెళ్ళాలి, వెంటనే బండి కట్టించండి అన్నాను. ఆయన అలవాటుగా చెయ్యి నా ముందుకి చాచారు.

"నాకిప్పుడు బాగానే ఉందిగా?"

"మీకు కాదండి. మాకు."