మంచం మంచానికీ ఒక పలకరింపు

హిందూపురం ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డు నర్సు స్పందనకు చౌడక్క అంటే ముచ్చట. పెనుకొండ నుంచి జ్వరంతో వచ్చిన డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, రెండోనాటికే వార్డుకు పెద్దదిక్కయి కూర్చుంది.

ముసలివాళ్లను నడిపించి చూసి, పడే ప్రమాదం ఎంతుందో కాగితం మీద రాయడం స్పందన పని. పడేవాళ్లని తేలితే చేతికి పసుపు పట్టీ కడతారు. ఆపైన బాత్‌రూముకు ఒంటరిగా పోనివ్వరు. తోడు మనిషి దొరక్కపోతే ఒంటికీ రెంటికీ మంచం మీదే బెడ్‌పాన్ పెడతారు.

"ఈమధ్య యాడన్నా పడినావా అవ్వా?"

"నేనెందుకు పడ్తా పాపా! నా కాళ్లకేమొచ్చింది?"

"అయితే ఆ తలుపుదాకా నడిచి రా, చూస్తా."

చౌడక్క లేచింది. మొదటి మంచం కమ్మీ మీద చెయ్యేసి, "ఏమమ్మా, అన్నం తింటివా?" అంది. రెండో మంచం దగ్గర, "దగ్గు తగ్గిందా?" అంది. మంచం మంచానికీ ఒక పలకరింపు. వార్డంతా నవ్వింది.

"ఓట్లకు నిలబడ్తాండావా అవ్వా?" అని స్పందన కూడా నవ్వి, ఆసరా లేకుండా నడుస్తుందని రాసేసింది.

మరునాడు పొద్దున నాలుగో మంచాన్ని రోగితో సహా స్కానింగుకు తోసుకుపోయారు. బాత్‌రూముకని బయల్దేరిన చౌడక్క మూడు మంచాలనూ పలకరించి, నాలుగోదాని కోసం చెయ్యి చాచింది. స్పందన పరుగెత్తుకొచ్చేసరికి నేల మీద పడి ఉంది. తుంటి విరిగిందన్నారు డాక్టరు.

అప్పుడు గుర్తొచ్చింది స్పందనకు ఆ చెయ్యి. కమ్మీ పట్టుకోకుండా ముసలామె ఒక్కరినీ పలకరించలేదు. పలకరింపులకు మురిసిపోయి చెయ్యిని చూడని తన మీద తనకే అసహ్యం వేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ సన్నటి మణికట్టుకు పసుపు పట్టీ కట్టింది.

"ముందే చెప్పింటే నేను పట్టుకొని పోయేదాన్ని గదా అవ్వా!"

"ముప్పై మందికి నువ్వొక్కదానివి, యాడొస్తావు?" చౌడక్క గొంతు తగ్గించింది. "ఎదురు మంచం ఆయమ్మకు పట్టీ కట్టినారు. అందరి ముందర మంచం మీదే పాన్ పెట్టినారు. మొగోళ్లు వస్తా పోతా ఉండారు. పాపం, కొంగుతో మొగం కప్పుకొనింది."

స్పందన ఎదురు మంచం వైపు తిరిగి చూసింది.

"ఇంగ నాకూ అదే గదా. ఒక్క తెర అడ్డం పెట్టించు తల్లీ."

స్టోర్ రూములో తెర స్టాండు గోడకానించి ఉంది. రోజూ డ్యూటీకి రాగానే స్పందన తన చున్నీ తగిలించేది దాని మీదే. ఇవాళా తగిలించింది. ఆ చున్నీ లాగి పడేసి, తెరను ఈడ్చుకుంటూ, ఏడుస్తూ వార్డులోకి వచ్చింది.