మెట్ల మీద కాలినొప్పి

మా అన్నయ్యకు పుట్టుకతోనే గుండె బలహీనం. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అయినా మా ఇంట్లో ఎవరూ "ఆయాసంగా ఉందా?" అని అడగకూడదు. అడిగితే ఆ రోజంతా అన్నయ్య అన్నం ముట్టడు. అందుకని తను ఆగాల్సిన చోట మేమే ఏదో వంకతో ఆగేవాళ్లం. అమ్మకు చెప్పు తెగేది. నాన్న గోడమీద పోస్టర్లు చదివేవారు. నాకు కాలు పట్టేసేది. ఆ విద్యలో నన్ను మించినవాళ్లు లేరు. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

అన్నయ్యకు పంతొమ్మిదేళ్లప్పుడు గడియారాలు బాగుచేసే దుకాణంలో పని ఉందని తెలిసింది. దుకాణం మూడో అంతస్తులో. రొప్పుతూ వెళితే పని ఎవరిస్తారు? అప్పటికే రెండు చోట్ల వద్దన్నారు. పదకొండేళ్ల దాన్ని, నేను తోడు వెళ్లాను. ప్రతి మలుపులోనూ "అమ్మో, నా కాలు" అంటూ కూలబడ్డాను. పైనుంచి యజమాని చూడనే చూశాడు.

"పాపకు కాలు బాగోదా?"

"చిన్నప్పటి నుంచీ అంతేనండీ," అన్నాను. అన్నయ్య తల దించుకున్నాడు.

ఆయన ఆగిపోయిన గడియారం ఒకటి చేతికిస్తే అన్నయ్య అరగంటలో నడిపించాడు. అన్నయ్యకు పని దొరికింది, నాకు కుంటు దొరికింది. రోజూ అందరికంటే గంట ముందే వెళ్లి మెల్లగా మెట్లెక్కేవాడు. సెలవుల్లో నేను క్యారేజీ పట్టుకుని వీధి మలుపు నుంచే కుంటేదాన్ని. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. ఒకరోజు తొందరలో కాలు మార్చేశాను.

"నిన్న ఎడమ కాలు కదమ్మా?" అన్నాడు యజమాని.

నా పైప్రాణాలు పైనే పోయాయి. అన్నయ్య పట్టకారు బల్లమీద పెట్టి లేచాడు.

"దాని కాళ్లకేం లేదండీ. జబ్బు నాది. గుండె. మెట్లెక్కలేను."

ఆ మాట తన నోట నేనెప్పుడూ వినలేదు. పని పోయిందనే అనుకున్నాను.

యజమాని కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ముందే చెప్తే కింద గదిలో బల్ల వేయించేవాణ్ణి కదయ్యా. పాపం, ఈ పిల్లని ఇన్నాళ్లూ కుంటించావు," అన్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ఇంటికి బయల్దేరాం. సగం దారిలో అన్నయ్య అడుగు నెమ్మదించింది. అలవాటుగా వంగి కాలు పట్టుకోబోయాను.

"నువ్వాపు. నాకే ఆయాసంగా ఉంది. కాసేపు కూర్చుందాం," అన్నాడు.

ఎవరిదో గుమ్మం ముందు మెట్టుమీద కూర్చున్నాం. ఏ వంకా లేకుండా అన్నయ్య పక్కన ఆగడం నాకదే మొదటిసారి. ఏడుపు ఆగలేదు.

"ఏమే, ఈసారి నిజంగానే నొప్పా?" అన్నాడు.

"నిజంగానే," అన్నాను.