సోమయ్య మూట

జవహర్‌నగర్ చెత్తకుప్పల పక్కన పాతసామాను దుకాణం నడిపే పర్వతాలు, మనిషిని చూడగానే ఎన్నాళ్లు నిలుస్తాడో అంచనా కట్టేవాడు. 2007 మే నెలలో కాగితాల కట్టతో దిగిన భవితకు మూడు రోజులు వేశాడు. ఆ వాసనకు చదువుకున్నవాళ్లెవరూ అంతకుమించి ఆగలేదు మరి.

భవిత అత్వెల్లి రైతు బిడ్డ, డిగ్రీ రెండో ఏడు. పేదల బతుకుల మీద పరిశోధన చేయించే ఒక సంస్థ వేసవి ఫెలోషిప్‌కు ఎంచుకున్న పన్నెండు మందిలో ఒకతె. కుప్పల మీద బతికే నూటఇరవై ఇండ్ల వివరాలు ఎనిమిది వారాల్లో రాసివ్వాలి. గడువులోపు ఇచ్చినవాళ్ల నివేదికే పెద్ద అధికారుల ముందుకు పోతుంది.

ఆరు వారాలకు కాగితాలన్నీ నిండాయి. ఆ రోజు నీడకని కాంటా పక్కన కూర్చుంది. కుప్పల మీద ఏరుకొచ్చిన మూటను ముత్తమ్మ నెత్తి మీంచి దించింది. పర్వతాలు తూచి, "సోమయ్య మూట, పద్దెనిమిది కిలోలు" అని కేకేశాడు. సోమయ్య ముత్తమ్మ మొగుడు. నడుము పడిపోయి రెండేళ్లుగా మంచం దిగలేదు. అయినా ఎవరు మోసుకొచ్చినా మూటకు ఇంటాయన పేరే పెట్టడం అక్కడి ఆనవాయితీ.

భవిత గబగబా కాగితాలు తిరగేసింది. సోమయ్య ఇంట్లో పనిచేసేది ఒక్క సోమయ్యే అని ఉంది. చెప్పింది ముత్తమ్మే. తక్కిన ఇండ్లూ అంతే.

"మొత్తం తప్పు రాసిన కాకా. ఆడోళ్లు ఒక్కలు గూడ లేరు ఈ కాయిదాలల్ల. మళ్ల అడగాలె."

"రెండు వారాలే ఉన్నయ్ బిడ్డా. ఇచ్చెయ్. ఎవడు జూస్తడు?"

"నేను జూసిన గద."

తన సరుకులో పుచ్చు తానే చూపించిన మనిషి ఇరవై ఏళ్ల బేరాల్లో పర్వతాలుకు తగల్లేదు.

పొద్దున్నే కుప్పలెక్కే ఆడవాళ్లు ఇండ్లల్లో దొరకరు. కాంటా దగ్గరికి మాత్రం రాక తప్పదు. అందుకని అతనే అక్కడ స్టూలు వేసి, కుండలో నీళ్లు పెట్టి, పిల్లకు జవాబు చెప్పాకే తూకమని కట్టడి చేశాడు. పర్వతాలన్నకు ముసలితనంలో సదువు మీద మనసైందని ముత్తమ్మ ఎగతాళి చేసింది గానీ, కూర్చున్నాక గాజుపెంకు కోసిన అరచేయి కూడా చూపించి అన్నీ చెప్పింది.

గడువు రేపనగా ఒక్క ఇల్లు మిగిలింది. అది పర్వతాలుదే.

"మీ ఇంట్ల పనిజేసేటోళ్లు ఎందరు కాకా?"

మొదటిసారి అడిగినప్పుడు తడుముకోకుండా ఒక్కడినే అన్నాడు. ఈసారి దుకాణం వెనక్కి చూశాడు. అతని భార్య పద్మమ్మ అయస్కాంతం పట్టుకుని ఇనుమూ ఇత్తడీ వేరుచేస్తోంది, ఎప్పటిలాగే.

"ఆమెనే అడుగు" అన్నాడు.

పద్మమ్మ తలెత్తలేదు. "ఇద్దరం రాసుకో బిడ్డా. ఆయన కాంటా కాడ కూసుంటడు. మిగిలినయన్ని నేను జేస్త."

భవిత నవ్వుతూ ఆఖరి కాగితం కట్టలో పెట్టుకుని బస్సెక్కింది. ఆమెకు మూడు రోజులు వేసిన తన అంచనా తలచుకుని పర్వతాలు తల గోక్కున్నాడు. అప్పుడే కాంటా మీద మూట పడింది.

"ముత్తమ్మ మూట, ఇరవై కిలోలు."

ఇంకెవరినో పిలిచాడనుకుని ముత్తమ్మ వెనక్కి తిరిగి చూసింది.