తెల్లబడిన పగడం

ఉప్పునీటి అద్దాల తొట్టిలో మా ఆయన పెంచిన ప్రాణుల్లో ఆ పగడం ఒక్కటే మిగిలింది. ఇప్పుడు అదీ తెల్లబడింది. తైవాన్‌లోని కావోషుంగ్‌లో మా వీధి చివర పెంపుడు చేపల దుకాణం నడిపే జువాంగ్ వచ్చి, తొట్టి అద్దంలోంచి చూశాడు.

“చచ్చిపోయింది పిన్నీ. నేను ఊరికే పట్టుకుపోతాలే.”

గులకరాయికి కూడా డబ్బు తీసుకునే మనిషి ఇతను. పగడాన్ని కాస్త పైకెత్తి వాసన చూశాను. కుళ్ళు కంపు లేదు. బతికున్నదైతే తిండికి చేతులు చాపుతుందని మా ఆయన అనేవారు. తొట్టి దీపం తగ్గించి, రొయ్యల రసం దాని మీద వదిలాను.

“ఎందుకు పిన్నీ ఈ శ్రమ?”

“కూర్చో నాయనా. తొందరేముంది?”

కాసేపటికి సన్నటి చేతులు మెల్లగా బయటికి వచ్చాయి.

“అయితే దుకాణంలో పెట్టి బాగుచేస్తాను.”

“ఇక్కడికే వచ్చి చెయ్యి. టీ పోస్తాను. పగడాన్ని మాత్రం గడప దాటనివ్వను.”