చెయ్యి తీశా!

మాట్లాడే అవసరం ఉండదనుకుని నేను మోటారు వైండింగు కోర్సులో చేరాను.

మా ఇంట్లో మాటలన్నీ అక్క వాటాకే పోయాయి. నాకు మిగిలినవి "ఊఁ", "ఊహూఁ" మాత్రమే. మా ఊరి బడిలో పదో తరగతి దాకా గోడ పక్క బెంచీలో కూర్చుని నెట్టుకొచ్చాను. హాజరు పిలిచినప్పుడు కూడా నా బదులు పక్కమ్మాయే "ప్రెజెంట్ సార్" అనేసేది. ఒకసారి నేను జ్వరంతో ఇంట్లో పడుకున్న రోజున కూడా అలవాటు కొద్దీ అనేసిందట, సారు తల ఎత్తకుండా హాజరు వేసేశారట. అది విని ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ బడిలోనే ఒక ఎండాకాలం నీళ్ల మోటారు కాలిపోయింది. బాగుచేయడానికి వచ్చినతను దాన్ని విప్పితే లోపల రాగి తీగ జడల్లా అల్లుకుని కనిపించింది. నల్లగా మాడిన జడలు. అతను వాటిని తీసేసి కొత్త తీగ చుడుతుంటే నేను అన్నం తినడం కూడా మరిచిపోయి చూశాను. ఆ పని నా చేతులతో చెయ్యాలనిపించింది. పైగా అతను చేసినంతసేపూ నోరు విప్పలేదు.

పదకొండో తరగతికి బస్సెక్కి టౌను బడికి వెళ్లాలి. అక్కడ మామూలు క్లాసులతో పాటు చేతిపనుల కోర్సులు కూడా ఉన్నాయి. పొద్దున బడిలో పాఠాలు, మధ్యాహ్నం నుంచి షెడ్డులో పని. ఏడాది చివర షెడ్డు యజమాని "పనికొస్తుంది" అంటే పన్నెండులో అదే కోర్సు కొనసాగుతుంది. లేదంటే మామూలు క్లాసే.

"ఆడపిల్ల మోటార్లు చుట్టడమేంటి? దానికి జడ చుట్టుకోవడమే సరిగా రాదు," అన్నాడు మామయ్య.

"దీని పక్కన కూర్చుంటే మోటారుకి కూడా మాట పడిపోతుంది మామయ్యా," అంది అక్క.

"ఏడాది చూద్దాంలేరా. కాదంటే మార్చేస్తారటగా," అని అమ్మ తన తమ్ముణ్ణి సముదాయించింది.

ఆ 'కాదంటే' నా చెవిలో ఉండిపోయింది. మామూలు క్లాసంటే నాకు మళ్ళీ గోడ పక్క బెంచీ. అక్కకి ఆ పుస్తకాలంటే ప్రాణం, నాకు మాత్రం రెండో పేజీకే కళ్ళు మూతలు పడతాయి. అదే తీగైతే నా వేళ్ళు చెప్పినట్టు వింటుంది. అందుకే ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే రాసుకున్నాను: "కాదనిపించుకోను."

షెడ్డు యజమానురాలిని అందరూ మేస్త్రమ్మ అంటారు. పొట్టిగా ఉంటుంది. కళ్ళజోడు తల మీద పెట్టుకుని దాని కోసమే షెడ్డంతా వెతుకుతుంది. ముందు గదిలో ఆవిడ బల్ల, నా బల్ల, టెస్టు బోర్డు ఉంటాయి. పక్కన డ్రిల్లు దగ్గర ఉండే ఫిట్టరుని మైకు అంటారు, ఎందుకో అతను నోరు తెరిస్తే తెలిసిపోతుంది. వెనక గదిలో వార్నిషు పూసిన మోటార్లను ఆరబెట్టే ఓవెన్ దగ్గర ఒక పెద్దాయన పనిచేస్తాడు. ఆయన అందరికీ తాతయ్య. ఆయన ఎడమ చెవి సరిగా పనిచేయదు, గొంతు కూడా దూది మీద నడిచినట్టు ఉంటుంది.

మొదటి నెలల్లో అంతా బాగానే సాగింది. మాడిన తీగ తీయడం, మోటారు లోపలి గాళ్లు శుభ్రం చేసి లోపల కాగితం పరచడం, తీగ చుట్టలు ఒక్కొక్కటే దింపి పైన దారంతో బిగించడం నేర్చుకున్నాను. మేస్త్రమ్మ నా చుట్టల మీద వేలు ఆనించి చూసి, "నున్నగా వచ్చిందే," అనేది. మైకు నాకు 'సైలెన్సర్' అని పేరు పెట్టాడు. నాకేం బాధ కలగలేదు, సైలెన్సరు కూడా బండిలో పనికొచ్చే సామానే కదా.

చిక్కంతా మెయిన్ స్విచ్చి దగ్గర వచ్చింది.

షెడ్డు మొత్తానికి ఒకటే మెయిన్. టెస్టు బోర్డుకి మోటారు తగిలించాలంటే ముందు మెయిన్ తీసేస్తారు, అప్పుడు వెనక గదిలో కూడా కరెంటు పోతుంది. మళ్ళీ వేస్తే అంతటా వస్తుంది. అందుకే ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. మెయిన్ వేసే మనిషి ముందు "కరెంటిస్తున్నా!" అని అందరికీ వినబడేలా కేక పెట్టాలి. ఎవరి చోటు నుంచి వాళ్ళు "చెయ్యి తీశా!" అని బదులివ్వాలి. అందరి బదులూ వచ్చాకే స్విచ్చి వెయ్యాలి.

నా మొదటి కేక నా బల్ల దాటలేదు.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని మైకు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. "దోమేమో మేస్త్రమ్మా!"

మళ్ళీ అన్నాను. ఈసారి నాకే వినబళ్ళేదు. చివరికి మైకే నా తరఫున కేక పెట్టాడు, తన బదులు తనే ఇచ్చుకున్నాడు. ఆ పైన తాతయ్య గొంతు అనుకరిస్తూ "చెయ్యి తీశా తల్లీ..." అని సన్నగా సాగదీశాడు. అందరూ నవ్వారు. అది అతని రోజువారీ సరదా. తాతయ్య బదులు ఎలాగూ ముందు గదికి సరిగా వినబడదని అతను ఎప్పుడో ఆ పని తన నెత్తిన వేసుకున్నాడు.

ఆ సాయంత్రం మేస్త్రమ్మ నన్ను ఆపింది.

"చూడమ్మాయ్, నీ చేతి పనికి వంక పెట్టను. కానీ ఆ కేక వెనక గోడకి తగలాలి. లేకపోతే మీ సారుతో పనికొస్తుందని చెప్పలేను. నాకు మనుషులు ముఖ్యం, మోటార్లు తరవాత."

"ఊఁ," అన్నాను.

"ఇదుగో, ఈ 'ఊఁ'నే మానెయ్యమంటున్నా."

ఇంటికొచ్చి డైరీలో 'కరెంటిస్తున్నా' అని పేజీ నిండేంత పెద్ద అక్షరాలతో రాశాను. ఎంత పెద్దగా రాసినా కాగితం చప్పుడు చెయ్యదు కదా. మర్నాటి నుంచి బస్సు దిగి ఇంటికొచ్చే దారిలో ఎవరూ లేనప్పుడు కేక పెట్టడం మొదలుపెట్టాను. ఎవరైనా సైకిలు మీద ఎదురొస్తే అది దగ్గుగా మారిపోయేది. మా వీధిలో ఒకావిడ అమ్మతో, "పిల్లకి దగ్గు తగ్గడం లేదు, చూపించండి," అని కూడా చెప్పింది.

నాన్న పాల వ్యాను నడుపుతాడు. ఒక సెలవు రోజున నన్ను సాయం తీసుకెళ్ళాడు. పాలకేంద్రం పక్క సందు బాగా ఇరుకు. వ్యాను వెనక్కి తోలుకుంటూ లోపలికి తేవాలి. వెనక నిలబడి 'రానీ రానీ' అనే పని నాకు పడింది. నేను అన్నాను. వ్యాను కదల్లేదు. నా అవస్థ చూసి గేటు దగ్గర కాపలా ఆయన, "రానీ, రానీ, బోలెడు చోటుంది!" అని అరిచాడు. అయినా కదల్లేదు. నాన్న కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏమంటున్నావమ్మా?"

"రానీ అంటున్నా."

"నాకు వినబళ్ళేదు."

"ఆయన అన్నాడుగా!"

"ఆయన గేటు దగ్గరున్నాడు. టైరు దగ్గరున్నది నువ్వు. నువ్వనకుండా నేను క్లచ్చి వదల్ను."

"పాలు విరిగిపోతాయి నాన్నా."

"విరిగితే మీ అమ్మకి నువ్వే చెప్పుకో," అని తల లోపలికి లాక్కున్నాడు.

ఎండ మాడిపోతోంది. కాపలా ఆయన నవ్వుతున్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "రానీ!" అన్నాను. గోడ నీడన పడుకున్న కుక్క లేచి నిలబడింది. వ్యాను కదిలింది. "రానీ! రానీ! ఎడమకి! ఆగు!" వ్యాను ఆగింది. అంత పెద్ద బండి నా మాటకి ఆగిందని నేను చాలాసేపు నమ్మలేకపోయాను.

ఏడాది చివర బడిలో మా కోర్సు చూసుకునే ట్రేడ్ సారు పరీక్షకి షెడ్డుకే వచ్చారు. నేను మొదటి నుంచి చివరి దాకా ఒంటరిగా చుట్టిన నీళ్ల మోటారుని ఆయన ముందు నడిపి చూపించాలి. ఆ మోటారు సొంతదారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతని తోటకి నీళ్లు లేవట, తొందర తొందరగా ఉన్నాడు.

మెయిన్ తీశాను. టెస్టు బోర్డుకి తీగలు తగిలించాను. స్విచ్చి పిడి పట్టుకుని వెనక గోడ వైపు తిరిగాను.

"కరెంటిస్తున్నా!"

కేక వెళ్లింది. రేకుల మీద మోగింది కూడా. మేస్త్రమ్మ కళ్ళజోడు సవరించుకుని, "చెయ్యి తీశా!" అంది. డ్రిల్లు దగ్గర నుంచి మైకు, "చెయ్యి తీశా! సైలెన్సర్ ఊడిపోయిందిరోయ్!" అన్నాడు. ఆ వెంటనే, "చెయ్యి తీశా తల్లీ..."

సారు నవ్వుతూ తల ఊపారు. "వెయ్యమ్మా."

నా చెయ్యి పిడి మీదే ఉంది. ఆ మూడో బదులు వెనక గది నుంచి రాలేదు, డ్రిల్లు దగ్గర నుంచి వచ్చింది. జ్వరంతో ఇంట్లో పడుకున్న రోజు నాకు పడిన హాజరు గుర్తొచ్చింది.

"తాతయ్య అనలేదు సార్," అన్నాను.

"అన్నాడుగా, విన్నాను," అన్నారు సారు.

"అది తాతయ్య కాదు సార్. మైకన్న."

"ఒకటేలేవమ్మా, రోజూ నేనేగా అనేది! ముసలాయన టీకి వెళ్ళుంటాడు," అన్నాడు మైకు.

"మా మొక్కలు ఎండిపోతున్నాయి, ఆ పంచాయితీ తరవాత పెట్టుకోండి," అన్నాడు మోటారు సొంతదారు.

"వేసెయ్యవే, ఏం కాదు," అంది మేస్త్రమ్మ కూడా, సారు వాచీ చూసుకుంటుంటే మొహమాటపడి.

ఇంతమంది నా వైపు చూడటం నాకు పుట్టాక అదే మొదటిసారి. అయినా పిడి వెయ్యలేదు.

"తాతయ్య అనకుండా నేను వెయ్యను," అన్నాను. ఆ మాట కూడా వెనక గోడకి తగిలింది. మైకుని చెయ్యి చూపించి పిలిచాను. "అన్నా, ఇక్కడ నిలబడు. ఎవర్నీ దీన్ని ముట్టుకోనివ్వకు."

మైకు డ్రిల్లు వదిలి వచ్చి నిలబడ్డాడు. నేను వెనక గదిలోకి వెళ్లాను.

తాతయ్య నేల మీద బోర్లా పడుకుని, ఓవెన్ కింది కరెంటు పెట్టె మూత విప్పి, రెండు చేతులూ లోపల పెట్టి ఉన్నాడు. కుడి చెవి నేలకి ఆనించి ఉంది. కరెంటు ఎలాగూ పోయింది కదా అని, వదులైన తీగలు బిగిస్తున్నాడు. నేను భుజం తడితే తల తిప్పి చూశాడు.

"ఏంటి తల్లీ, టీ వచ్చిందా?"

నా వెనకే వచ్చిన మేస్త్రమ్మ గుమ్మం పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. "తాతయ్యా, బయటికి రా," అంది. ఆ గొంతు తాతయ్య గొంతు కంటే సన్నగా ఉంది.

ముందు గదిలో మైకు స్విచ్చికి వీపు ఆనించి, చేతులు రెండూ చాచి నిలబడ్డాడు. సంగతి విన్నాక పక్కకి జరిగి పిడి నాకు వదిలాడు.

నేను మళ్ళీ కేక పెట్టాను. ఈసారి ఒక్కొక్కరి వైపే తిరిగి అడిగాను. మేస్త్రమ్మ అంది. మైకు తన ఒక్కడి బదులే ఇచ్చాడు. చివరికి వెనక గది గుమ్మంలో నిలబడి తాతయ్య, ఊపిరంతా కూడదీసుకుని, "చెయ్యి తీశా!" అన్నాడు.

మెయిన్ వేశాను. మోటారు హాయిగా తిరిగింది. మోత లేదు, వణుకు లేదు. నేను సారు వైపు చూశాను. ఆయన మోటారు ఒంటి మీద గీసిన బాణం గుర్తు వైపు చూస్తున్నారు.

మోటారు బాణానికి ఎదురు తిరుగుతోంది.

ఆ రోజు అన్నీ నాకు మంచిగానే జరగాలని రాసిపెట్టి లేదు కాబోలు. ఈ మోటారులో రెండు రకాల చుట్టలు ఉంటాయి. మొదట తిరగడానికి ఊపు ఇచ్చేది ఒకటి, తరవాత నడిపించేది ఒకటి. ఊపు ఇచ్చేదాని కొసలు అటూ ఇటూ మార్చి కలిపాను. అలా తిరిగితే తోటకి నీళ్లు సరిగా ఎక్కవు.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నారు సారు.

ఇంతకుముందైతే తల దించుకునేదాన్ని. "తప్పు కలిపాను సార్. మారుస్తాను," అని మెయిన్ తీశాను. మూత విప్పి కొసలు మార్చాను. టేపు చుట్టాను. మళ్ళీ పిడి దగ్గరికి వెళ్లాను, మళ్ళీ కేక పెట్టాను, మళ్ళీ ముగ్గురి కోసం ఆగాను. తాతయ్య కాస్త ఆలస్యం చేశాడు. మోటారు సొంతదారు ఈసారి వాకిట్లోకి వెళ్లి ఎదురుచూశాడు.

మోటారు బాణం వైపు తిరిగింది.

"తప్పు కలిపినందుకు మార్కులు తగ్గిస్తాను," అన్నారు సారు నాతో. తరవాత మేస్త్రమ్మ వైపు తిరిగారు. "మీరేమంటారు?"

మేస్త్రమ్మ తల మీది కళ్ళజోడు తీసి పెట్టుకుని నన్నే చూసింది.

"సెలవులవగానే వచ్చెయ్. వెనక గదికి విడిగా మెయిన్ పెట్టాలి. ఎప్పటి నుంచో పెడదాం పెడదాం అంటూ సోమరితనం చేశాను. ఆ పని నువ్వే చేస్తావు. అదయ్యేదాకా మెయిన్ పిడి నీది. నువ్వు తప్ప ఎవరూ ముట్టుకోరు."

"ఊ..." అని మొదలుపెట్టి ఆగాను. "అలాగే మేస్త్రమ్మా!"

"అరవక్కర్లేదే, పక్కనే ఉన్నా," అందావిడ చెవి మూసుకుంటూ.