ఇంజన్ వెనక బిళ్ళ

తమ్ముడి వ్యాను షెడ్డు ముందు ఆగినప్పుడు, అది ఎక్కడ కారుతోందో మేస్త్రికి బానెట్ ఎత్తకముందే తెలుసు. ఆ తెలిసింది బయటికి చెప్పాలా, కడుపులోనే ఉంచుకోవాలా అన్నది మాత్రం తేలలేదు. రాత్రంతా దొర్లినా తేలలేదు.

ముందురోజు మరదలు వచ్చి అడిగింది. ఎనిమిదేళ్ళలో ఆమె ఆ షెడ్డులో కాలుపెట్టడం అదే మొదలు. వ్యాను రోజుకు రెండు క్యాన్ల నీళ్ళు తాగుతోందని, కింద చూస్తే చుక్క కనబడదని, రేడియేటర్ మార్చారని, వాటర్ పంపు మార్చారని, రబ్బరు పైపులన్నీ మార్చారని వరసగా చెప్పింది. ఆ బండి కిడ్నీలు పాడైనవాళ్ళను ఆసుపత్రికి చేర్చి, రక్తం శుభ్రం చేయించి, మళ్ళీ ఇళ్ళ దగ్గర దించుతుంది. మొన్న కొండ రోడ్డు ఎక్కుతూ పొగలు కక్కి ఆగిపోతే, నలుగురు రోగులు గంటన్నర ఎండలో అందులోనే కూర్చున్నారట. ఇంకోసారి అలా జరిగితే వేరే బండి చూసుకుంటామని ఆసుపత్రివాళ్ళు చెప్పేశారట.

"తప్పు మీ తమ్ముడిదే అనుకోండి బావగారూ. మనిషికి శ్రద్ధ తక్కువ, అది నేనూ ఒప్పుకుంటాను. పెళ్ళాం నేను, నాకు తెలీదా? కానీ ఎవరి తప్పయినా బండి నడవాలి కదా" అంది.

మేస్త్రి తల ఎత్తలేదు. రేపు పొద్దున్నే తెమ్మన్నాడు, అంతే.

పన్నెండేళ్ళ కిందట ఆ ఇంజన్ మొత్తం విప్పి బిగించింది ఆయనే. తమ్ముడు పాత వ్యాను కొనుక్కుని, అన్నయ్య చేయి పడితే కొత్తదవుతుందని నమ్మి తెచ్చాడు. ఇంజన్ దిమ్మకి వెనకవైపు, గేర్‌బాక్సు చాటున, నీళ్ళ దారికి మూతగా ఒక రేకు బిళ్ళ ఉంటుంది. అరచేతి గుంటంత ఉంటుంది, అంతే. అది తుప్పు తిని చిల్లిపడి ఉంది. ఆ కొలత బిళ్ళ ఆ పూట దొరకలేదు. తెల్లారితే తమ్ముడికి మొదటి కిరాయి. మేస్త్రి ఇనుము అతికించే రెండు రంగుల ముద్దలు కలిపి పిసికి, చిల్లి మీద అద్ది, రాయిలా గట్టిపడ్డాక ఇంజన్ ఎక్కించేశాడు. బిళ్ళ దొరకగానే మారుద్దాం, రేపు చూద్దాం అనుకున్నాడు. మళ్ళీ గేర్‌బాక్సు దించాలంటే ఒకరోజు పని. రేపు అన్నది రానేలేదు.

నాలుగేళ్ళు ఆ ముద్ద ఆగింది. తర్వాత ఒకనాడు ఇంజన్ వేడెక్కి హెడ్డు పగిలింది. తమ్ముడు బండిని కట్టి లాక్కొచ్చి, నీళ్ళు పోస్తూనే ఉన్నా అన్నయ్యా, ఎక్కడికి పోతున్నాయో తెలీడంలేదు అన్నాడు. మేస్త్రికి ఆ ముద్ద అప్పుడే గుర్తొచ్చింది. అప్పుడు అమ్మ అక్కడే ఉంది, పెద్దకొడుకు షెడ్డులో బల్ల మీద కూర్చుని. షెడ్డుకు వచ్చిన బండ్లవాళ్ళు ఉన్నారు. "నీళ్ళు పోయడం చేతకానివాడికి బండెందుకు?" అన్నాడు మేస్త్రి. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. వచ్చింది. అమ్మ దాన్ని పట్టుకుంది. చిన్నోడివి ఎప్పుడూ అన్నీ అరకొరలే అని అందరి ముందూ తిట్టింది. హెడ్డు మార్చి బండి అప్పగించాడు మేస్త్రి. గేర్‌బాక్సు మాత్రం దించలేదు. దించితే తన ముద్ద తనకే కనబడుతుంది.

తమ్ముడు ఆ రోజు తీసుకెళ్ళిన బండిని మళ్ళీ ఈ రోజు తెచ్చాడు. మధ్యలో అమ్మ పోయింది. పాడె దగ్గరా ఇద్దరూ చెరోవైపు నిలబడ్డారే తప్ప మాట లేదు.

తాళంచెవి చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, తమ్ముడు షెడ్డు తలుపు పక్కన బోర్లించిన డ్రమ్ము మీద వీపు తిప్పి కూర్చున్నాడు. జుట్టు నెరిసింది. కూర్చునే తీరు మాత్రం చిన్నప్పటిదే, ఒక కాలు మీద రెండో కాలు మెలేసి.

మేస్త్రి వ్యానును గొయ్యి మీదికి తెచ్చి పని మొదలుపెట్టాడు. ఉన్న పరీక్షలన్నీ చేశాడు. ఎవరి కోసం చేస్తున్నాడో అడిగితే చెప్పలేడు. నూనె కొలత పుల్ల తీసి చూశాడు, పాలనురగ ఉంటే గాస్కెట్ పోయినట్టు. నూనె నల్లగా శుభ్రంగానే ఉంది. ఇంజన్ నడిపి పొగ గొట్టం దగ్గర చేయి పెట్టాడు. తెల్ల ఆవిరి లేదు. రేడియేటర్ మూత తీసి బుడగలు వస్తాయేమోనని కాసేపు నిలబడ్డాడు. రాలేదు. పంపు ఇరుసు దగ్గర వేలితో తుడిచాడు, పొడి. ప్రతిచోటా అక్కడే కారుతూ ఉంటే బాగుండునని చూశాడు. పంపు కారితే పంపు తయారుచేసినవాడి తప్పు, పైపు కారితే పైపుది. అన్నీ బాగానే ఉన్నాయి, పాపిష్ఠి బండికి ఒక్క రోగం లేదు, ఆయన పెట్టింది తప్ప.

చివరికి టైరు వాల్వు అతికించిన పాత మూత ఒకటి రేడియేటర్‌కి బిగించి, సైకిలు పంపుతో గాలి కొట్టాడు. పంపుకున్న గాలి కొలత ముల్లు పైకెక్కి, నెమ్మదిగా దిగడం మొదలైంది. ఇంజన్ చుట్టూ ఎక్కడా తడి లేదు. గొయ్యిలోకి దిగి, గేర్‌బాక్సు ముందున్న డొప్ప అడుగున రబ్బరు బిరడా లాగాడు. ఎర్రటి తుప్పునీళ్ళు ముంజేతి మీదుగా మోచేతి దాకా కారాయి. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ నీళ్ళు లోపల తిరిగే బరువు చక్రానికి తగిలి, ఆవిరై పోతాయి. అందుకే ఇన్నేళ్ళూ నేల మీద చుక్క లేదు.

గేర్‌బాక్సు దించాలి అని గొయ్యిలోంచే చెప్పాడు. తమ్ముడు తల తిప్పకుండానే సరే అన్నాడు.

పక్క షెడ్డులో లేతు మిషను మీద ఇనుము కోసే మనిషి సాయానికి వచ్చాడు. ఆయన్ను అందరూ మిల్లీమీటర్ అంటారు. ఇంట్లో కూరలో ఉప్పెంత అంటే కూడా కొలత చెబుతాడని పెళ్ళామే పెట్టిన పేరు. గేర్‌బాక్సు బరువుకి ఇద్దరు ముసలివాళ్ళ చేతులు వణికాయి. ఇదిగో జారుతోంది, నీ నడుము పోతే నా దగ్గర కొత్తది కొయ్యడానికి ఇనుము లేదు మేస్త్రీ అని మిల్లీమీటర్ అంటుండగానే మూడో జత చేతులు కింద ఆనాయి. తమ్ముడు. ఎప్పుడు లేచి వచ్చాడో తెలియదు. దింపడం అయ్యాక చేతులు తుడుచుకుంటూ అక్కడే గొయ్యి గట్టు మీద నిలబడిపోయాడు, డ్రమ్ము దగ్గరికి పోలేదు.

క్లచ్ విప్పి, బరువు చక్రం విప్పేసరికి మధ్యాహ్నం దాటింది. దిమ్మ వెనక లైటు వేసి చూస్తే ముద్ద ఉంది. సగం ఊడి, అంచున సన్నగా నీటి చార. ఉన్న సగం మీద మేస్త్రి బొటనవేలి అచ్చు ఉంది, అప్పుడు అద్దినప్పుడు పడ్డది. చిన్నప్పుడు బెల్టులో నలిగిన వేలు అది, అచ్చులో ఆ గాటు కూడా పడింది. మూడో తరగతి దాటని మనిషి, సంతకాలు చేసింది తక్కువ. ఇదొక్కటి మాత్రం గట్టిగానే పడింది.

మిల్లీమీటర్ వంగి చూసి నాలుక చప్పరించాడు. "ఎవడో వెధవ అతుకేసి మూసేశాడు. మధ్యలో ఊళ్ళో షెడ్లన్నీ తిరిగిందిగా బండి. ఏ చేతులో."

మేస్త్రి "ఊఁ" అన్నాడు.

అన్నాకే ఆ ఊఁ తనకు వినపడింది. ఎంత తేలికగా వచ్చిందో. ఎనిమిదేళ్ళ కిందటి మాట కూడా ఇలాగే వచ్చింది. మిల్లీమీటర్ కొలత తీసుకుని, ఇత్తడిలో బిళ్ళ కొట్టుకొస్తానని వెళ్ళాడు. ఉలిపెట్టి పాత బిళ్ళను కొట్టాడు మేస్త్రి. మూడు దెబ్బలకు ఊడి వచ్చింది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పని నేర్పిన ముసలాయన పెట్టింది. బండిలోంచి తీసిన సామాను ఏదైనా సరే, గోనెసంచి పరిచి బండివాడి ముందు పెట్టాలి. నట్టు విరిగితే ఆ నట్టు, రబ్బరు పోతే ఆ రబ్బరు. వాడు కళ్ళారా చూశాకే పారెయ్యాలి. మేస్త్రి నలభై ఏళ్ళలో ఆ పద్ధతి ఒక్కసారే తప్పాడు, ఈ బిళ్ళను తీయనూ లేదు, చూపనూ లేదు.

పక్కనే ఆకురాయి ఉంది. రెండు రుద్దులు రుద్దితే వేలిముద్ర ఉండదు, ముద్దా ఉండదు, ఒట్టి తుప్పు బిళ్ళ మిగులుతుంది. ఎవరూ అడగరు. అన్న బాగుచేసిచ్చాడు అంటారు, పెద్దరికం ఇంకాస్త పెరుగుతుంది. గొయ్యిలోంచి తల ఎత్తి చూశాడు. పైన గట్టు మీద తమ్ముడి చెప్పులు కనబడుతున్నాయి. మడమల దగ్గర పక్కకు అరిగిపోయి ఉన్నాయి.

పైకి వచ్చి, గోనెసంచి పరిచి, అరిగిన క్లచ్ పళ్ళెం, ఆయిల్ సీలు, వాటి పక్కన ఆ బిళ్ళ పెట్టాడు, ముద్ద ఉన్నవైపు పైకి.

"మధ్యలో ఎవరూ చేయలేదురా. నేనే పెట్టాను. ఇంజన్ విప్పినప్పుడు."

తమ్ముడు బిళ్ళను చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. ముద్ర మీద తన వేలు పెట్టి చూశాడు, సరిపోలేదు.

"అమ్మ ముందు నన్ను అన్నప్పుడు? అప్పుడు నీకు తెలుసా?"

అది తెలియదంటే సగం బరువు దిగిపోతుంది. మరచిపోయానంటే నమ్మవచ్చు కూడా.

"తెలుసు" అన్నాడు మేస్త్రి.

తమ్ముడు అరవలేదు. కొట్టినా బాగుండేది. బిళ్ళను సంచి మీద పెట్టేసి, రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, మా ఆవిడ అన్నం క్యారేజీ తీసుకుని వస్తుంది, ఆమెకు నువ్వే చెప్పు, నేను చెబితే నమ్మదు అన్నాడు.

మరదలు వచ్చింది. మేస్త్రి చెప్పాడు. ఆయన జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు చెప్పింది అప్పుడే, అవీ పది దాటవు. మరదలు క్యారేజీ దించకుండానే విన్నది. బండి ఆగినప్పుడల్లా తాను భర్తను ఎన్ని మాటలు అన్నదో అవన్నీ ఆమె ముఖంలో ఒకదాని వెనక ఒకటి కనబడ్డాయి.

"మీరు పెద్దవారు. మిమ్మల్ని నేనేమంటాను బావగారూ" అంది.

అంతకంటే తిట్టు లేదు. ఆమె వెళ్ళి భర్త పక్కన డ్రమ్ము అంచున కూర్చుంది, ఒక్కరికే చాలే చోటులో ఇద్దరూ. క్యారేజీ విప్పుకున్నారు. మేస్త్రిని రమ్మనలేదు. ఆయనా అటు చూడలేదు.

ఇత్తడి బిళ్ళ వచ్చింది. మిల్లీమీటర్‌కు విషయం అర్థమైందో, గాలిలో తగిలిందో, కొలత కూడా చెప్పకుండా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మేస్త్రి దాని అంచుకు జిగురు పూసి, చెక్క దిమ్మె అడ్డుపెట్టి, చుట్టూ సమంగా కొట్టి దింపాడు. గాలి కొడితే ముల్లు ఎక్కి అక్కడే నిలిచింది. పావుగంట చూశాడు, కదల్లేదు. గేర్‌బాక్సు ఎక్కించడానికి మళ్ళీ తమ్ముడే వచ్చాడు. పట్టుకో, కాస్త పైకి, చాలు, ఇవే ఇద్దరి మధ్య మాటలు.

పొద్దు వాలుతుండగా తమ్ముడు బండి స్టార్ట్ చేసి, ఎక్కు, కొండ మీద చూద్దాం అన్నాడు. మరదలు ముందు సీట్లో కూర్చుంది. మేస్త్రి వెనక, రోగులు కూర్చునే సీట్లో కూర్చున్నాడు. సీటు చేతుల దగ్గర రెక్సిన్ నున్నగా అరిగిపోయి ఉంది, ఎందరో గట్టిగా పట్టుకున్నట్టు. బండి ఎత్తు ఎక్కింది. వేడి ముల్లు మధ్యలోకి వచ్చి ఆగింది. అన్న ముల్లును చూస్తున్నాడు, తమ్ముడు రోడ్డును చూస్తున్నాడు.

పైన బండి ఆపి, ఇంజన్ నడుస్తుండగానే తమ్ముడు చెప్పాడు. కోపంగా కాదు, ఎవరికో దారి చెబుతున్నట్టు.

"అమ్మను చివరిసారి ఆసుపత్రికి తీసుకెళ్ళేప్పుడు ఈ బండే తెచ్చాను. ఎక్కనంది. దారిలో ఆగిపోతే మీ అన్నకు మళ్ళీ కష్టం అంది. పక్కింటివాళ్ళ ఆటోలో వెళ్ళింది. నేను వెనకాల ఖాళీ బండి నడుపుకుంటూ వెళ్ళాను."

మేస్త్రికి ఆ సంగతి తెలియదు. తెలిసిన తప్పు ఒక్కటే అనుకుని చెప్పాడు, దాని కింద ఇంకొకటి ఉంది. సీటు చేతిని పట్టుకుని కూర్చున్నాడు.

తమ్ముడు గేరు వేశాడు. షెడ్డు దగ్గర అన్నను దించి, రేపు ఆరింటికి ఈ బండితోనే మొదటి ట్రిప్పు ఉందని భార్యతో చెబుతూ బండి తిప్పుకున్నాడు. ఆ మాట గట్టిగానే అన్నాడు, బయట నిలబడ్డ మనిషికి వినపడేలా.